పాత ఇంటి ప్రశ్నలు: వేల్స్ దొరల హాలు, మన మండువా

ఈసారి పాత ఇళ్ళ మీద ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకాయన బ్రిటన్‌లోని వేల్స్ వెళ్ళి చూసొచ్చిన ఇంటి గురించి అడిగారు. మిగతావి మన వైపు పెంకుటిళ్ళ గోడు. వేల్స్ ఉత్తరంతోనే మొదలుపెడదాం.

విజయనగరం నుంచి ఒక పాఠకుడు: మా అమ్మాయి వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉంటోంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పాత దొరల ఇల్లు చూశాం. కోట కాదు, అలాగని రైతు ఇల్లూ కాదు. లోపల ఒకే పెద్ద గది, పైకప్పు దాకా ఖాళీ. పొగగొట్టం మాత్రం పక్క గోడలో ఉంది. అంత ఎత్తు వదిలేసి మేడ ఎందుకు వేసుకోలేదు?

జవాబు: మీరు చూసినదాన్ని హాలు ఇల్లు అంటారు. పెద్ద ఇంటికి వేల్స్ భాషలో ‘ప్లాస్’ అని పేరు. వాటి యజమానులు ‘ఉచెల్‌వీర్’, అంటే పై మనుషులు. బిరుదులున్న ప్రభువులు కారు. సొంత భూమి, పాలేర్లు, చుట్టుపక్కల నాలుగూళ్ళలో మాట చెల్లుబడి ఉన్నవాళ్ళు. విజయనగరం, బొబ్బిలి రాజులతో పోల్చకండి. ఒక ఊరో రెండూళ్ళో ముఖాసాగా, అంటే రాజు ఇచ్చిన ఇనాముగా అనుభవించిన కుటుంబాన్ని తలుచుకుంటే సరిపోతుంది.

ఇల్లు ఒక గది వెడల్పునే పొడుగ్గా సాగుతుంది. కింది కొసన రెండు చిన్న కొట్లు, ఒకటి బీరు పీపాలకి, ఇంకోటి రొట్టెలకి. పీపాల కొట్టుని బటరీ అంటారు. వెన్నతో దానికేం పనిలేదు, ‘బట్’ అంటే పీపా. వాటి తర్వాత ఇంటిని అడ్డంగా దాటే నడవ, దానికి ఎదురెదురుగా రెండు గుమ్మాలు. మన ఇళ్ళలో వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం దాకా పొడుగునా కనిపిస్తుంది కదా, అక్కడ ఆ సూటి చూపు ఇంటి వెడల్పుకే పరిమితం. నడవ దాటితే హాలు. హాలు పై కొసన నేల కాస్త ఎత్తు చేసి యజమాని భోజనాల బల్ల వేసేవారు. దాని వెనక కుటుంబం సొంత గది.

ఎత్తు సంగతి. మొదట్లో పొగగొట్టం లేదు. హాలు నడి నేల మీదే నిప్పు. పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచో, కప్పులో వదిలిన కన్నంలోంచో పోవాలి. మధ్యలో మేడ వేస్తే పై గదిలో మనిషి ఉండలేడు. అందుకే ఖాళీ. 16, 17 శతాబ్దాల్లో గోడలో పొయ్యి, పొగగొట్టం కట్టుకున్నాక చాలా ఇళ్ళలో ఆ ఖాళీకి అడ్డంగా దూలాలు వేసి మేడ చేసుకున్నారు. మీరు చూసిన ఇంట్లో పొగగొట్టం వచ్చింది, మేడ రాలేదు, లేదా వేసిన మేడని తర్వాత తీసేశారు. హాలు గోడల్లో సగం ఎత్తున దూలాల కన్నాలు పూడ్చిన గుర్తులుంటే రెండోదే నిజం.

మేడ వేసిన ఇళ్ళలో అసలు రూపం తెలియాలంటే అటక ఎక్కాలి. అక్కడి కప్పు కలప మసిబారి ఉంటుంది, తుడిచినా పోని నలుపు. అంతే కాదు, వంపులు చెక్కి అందంగా తీర్చిన కర్రలు కనిపిస్తాయి. ఎవరూ ఎక్కని అటక కోసం వడ్రంగి అంత పని చెయ్యడు. ఒకప్పుడు అవి హాల్లో కూర్చున్నవాళ్ళ కళ్ళెదుట ఉండేవన్నమాట.

మళ్ళీ వెళితే రెండు ఇళ్ళు చూడండి. ఉత్తర వేల్స్‌లో పుల్‌హెలి దగ్గర పెనార్త్ వౌర్, 15వ శతాబ్దపు రాతి హాలు. నడవ గాలి నేరుగా నిప్పు మీదకి రాకుండా, నడవకీ హాలుకీ మధ్య రెండు ఓకు (అక్కడి ఇళ్ళకి వాడే గట్టి కలప) స్తంభాలు నిలబెట్టి తడకలాంటి చట్రం కట్టారు. రెండోది కార్డిఫ్‌కి ఉత్తరాన లాన్‌కయాక్ వౌర్. ఇది 16వ శతాబ్దపు ఇల్లు, తరహా వేరు. దాదాపు నాలుగు అడుగుల మందం గోడలు, ఆ మందంలోనే మెట్లు. దాడి జరిగితే ఇంట్లో సగభాగాన్ని మిగతా సగం నుంచి మూసేసుకునే ఏర్పాటుంది. 1645 ఆగస్టులో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ అక్కడికి వచ్చాడు. గోడ మందం చూసి కోట అనుకుంటారు గానీ, కిటికీలు లెక్కపెడితే అది ఇల్లేనని తేలిపోతుంది.

చీపురుపల్లి నుంచి: ఇంగ్లండు, వేల్స్‌లలో చెట్టు వలయాలు లెక్కపెట్టి ఇంటి వయసు చెబుతారట. మా తాతల ఇంటికి అలా చెప్పించవచ్చా?

జవాబు: అక్కడ లెక్కపెట్టడం ఒక్కటే కాదు, పోలుస్తారు. వాన బాగా పడ్డ సంవత్సరపు వలయం వెడల్పు, కరువు సంవత్సరానిది సన్నం. ఆ వరుసని సంవత్సరాలు తెలిసేలా ఇప్పటికే కట్టిపెట్టుకున్న ఓకు వలయాల పట్టీతో పక్కపక్కన పెడితే ఎక్కడో ఒకచోట అతుకుతుంది. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు కొట్టిన సంవత్సరమే వస్తుంది. ఓకు ఎండితే ఉలి దిగదు కాబట్టి పచ్చిగా ఉండగానే చెక్కేవారు. కొట్టిన ఏడాది రెండేళ్ళలో ఇల్లు లేచిందనుకోవచ్చు. కార్డిఫ్ పక్కన సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టిన ఒక రైతు ఇంటికి 1508 అని తేలింది ఇలాగే.

మీ ఇంట్లో తాటి దూలాలుంటే ఆ మాట మరిచిపోండి, తాటికి వలయాలే ఉండవు. టేకుకి ఉంటాయి. కానీ పోల్చడానికి ప్రాంతపు పట్టీ లేకుండా లెక్కపెడితే చెట్టు వయసు వస్తుంది తప్ప ఇంటి వయసు రాదు. వేరే ఆనవాళ్ళు వెతకండి. ద్వారబంధాల మేకులు పీకి చూస్తే, కమ్మరి కొట్టినవి నలుపలకలుగా, మొన వైపు సన్నబడుతూ ఉంటాయి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివరికి గానీ విరివిగా రాలేదు. మిద్దె కింద రైలు పట్టా దూలంగా వేసి ఉంటే దాని పక్క భాగాన్ని వైరు బ్రష్‌తో రుద్దండి. తయారీదారు పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తు అక్షరాల్లో బయటపడతాయి. పట్టాలు పాతబడ్డాకే అమ్ముతారు కాబట్టి కట్టడం ఆ సంవత్సరానికి తర్వాతే. బెంగుళూరు పెంకుల వెనక ముద్ర కూడా చూడండి. మనం బెంగుళూరు పెంకు అనేది నిజానికి మంగుళూరు పెంకు, అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ పెంకుల కర్మాగారం 1865లో మొదలైంది. అయితే పెంకు వయసు ఇంటి వయసు కాదు. తాటాకు కప్పు తీసి పెంకు వేసిన ఇళ్ళు మన దగ్గర కోకొల్లలు.

బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు: మాది మండువా ఇల్లు. సున్నం గోడలు పెచ్చులు ఊడుతున్నాయని ఐదేళ్ళ కిందట నడుం ఎత్తు దాకా సిమెంటు పూత చేయించాం. ఇప్పుడు చెమ్మ ఆ పూత దాటి పైకి ఎక్కింది. తెల్లటి ఉప్పు రాలుతోంది. వాటర్‌ప్రూఫ్ రసాయనం పూయమంటున్నారు.

జవాబు: పూయకండి. ఇప్పటికే ఒక మూత బిగించారు, దాని మీద ఇంకో మూత అవుతుంది.

మీ గోడ ఇటుక, సున్నం, మట్టి. కింద నుంచి నీరు పీల్చడం దాని స్వభావం. ఇన్నేళ్ళూ పీల్చినది పీల్చినట్టే సున్నపు పూతలోంచి ఆరిపోయేది. సిమెంటు పూత ఆ దారి మూసింది. నీరు ఊరుకోదు, మూత లేని చోటు దొరికేదాకా గోడలోనే పైకెక్కుతుంది. తనతో తెచ్చిన ఉప్పుని ఆరే చోట వదిలేస్తుంది. ఉప్పు గడ్డకట్టి ఉబ్బితే పెచ్చులు ఊడతాయి. వేల్స్‌లోనూ ఇదే తంటా. సున్నంతో కట్టిన రాతి గోడల సందుల్లో గత శతాబ్దంలో సిమెంటు కుక్కి, ఇప్పుడు ఉలితో గీకి తీయిస్తున్నారు.

గోడని ముట్టుకునే ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. మన పట్టణాల్లో మొదటి అనుమానం వీధి మీద. సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కాల్సిన అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానమైన ఇళ్ళు ఎన్నో. రోడ్డుని మీరు తవ్వలేరు. గోడ పక్కన అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీసి, కంకర నింపి, చివర తూముకి కలపొచ్చు. పునాది అడుగు కంటే లోతుకి మాత్రం పోవద్దు. రెండో అనుమానం మండువా తూము. బకెట్టు నీళ్ళు పోసి చూడండి, గుడగుడమని నిలబడిందంటే పూడింది. మూడోది, శుభ్రంగా ఉంటుందని ఇంటి చుట్టూ వేసిన సిమెంటు గచ్చు. నేల ఆరే దారి మూసేసరికి ఆ తడి కూడా గోడలోకే వస్తుంది.

తర్వాత పూత తియ్యాలి. చెమ్మ గీతకి అడుగు పైదాకా తియ్యండి. బ్రేకర్ మిషను వద్దు, ఉలీ సుత్తీ చాలు. పాత ఇటుక మెత్తన, మిషను పెడితే సిమెంటుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. ఉప్పుని కడగకండి, పొడి చీపురుతో ఊడ్చి బయట పారేయండి. కడిగితే మళ్ళీ లోపలికి పోతుంది. ఆ మీదట గోడని వదిలేయాలి. మందంలో అంగుళానికి నెల అని మోటు లెక్క. 18 అంగుళాల గోడ రెండు వైపులా తెరిచి ఉంటే తొమ్మిది నెలలు. ఇల్లు చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, చుట్టాలు ఏదో ఒకటి అంటారు. తొందరపడి పూస్తే మాత్రం డబ్బు మళ్ళీ గోడ పాలే.

కొత్త పూతకి పొడి సంచుల సున్నం కాకుండా రాతి సున్నం తెప్పించి గుంటలో నానబెట్టండి. నీళ్ళలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు. చిమ్మితే కళ్ళు పోతాయి, అద్దాలు పెట్టుకోవాల్సిందే. కనీసం నెల నాననిచ్చి జల్లెడ పట్టిన వెన్నలాంటి ముద్ద ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్ళు. నేలకి దగ్గరగా ఉండే రెండడుగుల్లో ఇసుకలో ఒక పాలు తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలపండి. తడిలో కూడా గట్టిపడుతుంది. నూరు చదరపు అడుగులకి మొత్తం ముప్పాతిక అంగుళం మందానికి, పాత గోడ ఎగుడుదిగుడులతో కలిపి, ఇసుక 8 ఘనపుటడుగులు, ముద్ద రెండుముప్పావు దాకా పడుతుంది. సున్నం నూరే గానుగ దొరక్కపోతే రోలర్ మిక్సర్. కాంక్రీటు కలిపే డ్రమ్ములో వేస్తే ముద్ద ఉండలు కడుతుంది.

గోడని ముందురోజు రాత్రి తడపాలి. ఒక పూతకి మూడు ఎనిమిదో వంతుల అంగుళం మించనివ్వకండి, మందంగా పామితే జారుతుంది, బీటలిస్తుంది. మొదటి పూతని ఆరకముందే మేకుతో గళ్ళు గీసి, వారం పది రోజులు గోనెసంచులు తడిపి కప్పి ఉంచండి. సున్నం ఎండితే గట్టిపడదు. కాస్త తడిగా ఉండి గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటేనే గట్టిపడుతుంది. ఇక్కడే మన కూలీలు విసుక్కుంటారు. సిమెంటులాగా మర్నాటికి రాయి కాలేదని రెండు గరిటెల సిమెంటు కలిపేస్తారు, దగ్గరుండి చూసుకోండి. బెల్లం, కరక్కాయ నీళ్ళు వాడే మేస్త్రి ఉంటే వాడనివ్వండి, కానీ బెల్లం ఎక్కువైతే గట్టిపడడం ఆలస్యమై చీమలు పడతాయి. ముందు రెండడుగుల చోట వేసి చూడమనండి. పనికి నెలలు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఇంతా చేసి మొదటికొచ్చినట్టే. పల్చటి వెల్ల నాలుగు చేతులు వెయ్యండి.

రాజాం నుంచి: అన్నదమ్ములం ముగ్గురం. పంపకాల్లో మండువా మధ్యన గోడ కడదామని పెద్దన్నయ్య అంటున్నాడు. ఇంటికి ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే, రెండు విధాల. మొదటిది పునాది. మండువా స్తంభాలు లోతైన పునాదుల మీద లేవు, అడుగున ఒక రాతి దిమ్మ, దాని కింద కొట్టిన మట్టి. పక్కనే గోడకి మూడడుగుల కందకం తవ్వితే దిమ్మ కింది మట్టి జారుతుంది. స్తంభం అంగుళం దిగినా పైన దూలం వాలి పెంకుల వరుసలు విడతాయి.

రెండోది నీళ్ళు. లోపలి వాలులు, మండువా కలిపి 800 చదరపు అడుగులనుకుంటే, గంటకి 50 మిల్లీమీటర్ల వానలో అక్కడ దిగే నీళ్ళు 3,700 లీటర్లు, అంటే సెకనుకి లీటరు. తూము ఒక్కటే ఉంటుంది, ఒక మూలనే. గోడ కడితే తూము లేని వాటా చెరువు. ఒకవేళ కట్టే తీరుతానంటే కందకం తవ్వక ముందే రెండో వాటాకి నాలుగంగుళాల గొట్టం, పది అడుగులకి రెండంగుళాల వాలుతో వేసుకోవాలి.

వేల్స్‌లో పూర్వం ఆస్తి కొడుకులందరికీ సమానంగా పోయేది. 16వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చట్టాలతో అది పోయి పెద్దకొడుక్కి మొత్తం దక్కే పద్ధతి వచ్చింది. అక్కడి దొరల ఎస్టేట్లు, ఇళ్ళు చిన్నవి కావడానికి ఆ పంపకాలొక కారణం. వాయవ్య వేల్స్‌లో ఒకే వాకిట్లో మూలకి మూల తగిలేలా కట్టిన జంట ఇళ్ళు కనిపిస్తాయి. దేని పొయ్యి దానిదే, దేని గుమ్మం దానిదే. దగ్గరి బంధువులు కలిసీ విడిగా బతకడానికి కట్టుకున్నవని పరిశోధకులు చెబుతారు. మీకు పనికొచ్చే కిటుకు అందులో ఉంది. ఉన్న ఇంటిని నడిమికి చీల్చకుండా పంచల వారీగా పంచుకోండి. వంటిళ్ళు వేరు కావాలంటే పెరటి వైపు ఇంటి గోడకి మూడడుగులు వదిలి కట్టుకోండి. మండువా ఉమ్మడి. చాటు కావాలంటే స్తంభాల మధ్య చెక్క జాలీ, దానికి తవ్వకం అక్కర్లేదు.

పంపకాల దస్తావేజులో మూడు సంగతులు విడిగా రాయించండి: తూము శుభ్రం ఎవరిది, వాలులు కలిసే మూలల్లోని రేకు మార్చే ఖర్చు ఎలా పంచుకోవాలి, పెంకు సర్దడానికి ఒకరి కప్పు మీదుగా ఇంకొకరి మనిషి నడవొచ్చా. గొడవలు వచ్చేది ఈ మూడింటి దగ్గరే. సరిహద్దు కొలతలు మాత్రం అందరూ అంగుళాలతో సహా రాసుకుంటారు.

పార్వతీపురం వైపు నుంచి: దూలం చివర గోడలో కుళ్ళింది. మొత్తం దూలం మార్చాలా?

జవాబు: స్క్రూడ్రైవరుతో గుచ్చుకుంటూ రండి. సులువుగా దిగినంత మేర చెడింది, ఆగిన చోట చేవ ఉంది. కుళ్ళు సాధారణంగా గోడలో ఉన్న భాగానికీ, బయట జానెడు మేరకీ పరిమితం. వేల్స్ రాతి ఇళ్ళలో కూడా వాన కొట్టే పడమటి గోడలోనే ఓకు కొసలు పోతాయి, నడుమ భాగం 500 ఏళ్ళయినా ఇనుములా ఉంటుంది.

ముందు దూలం కింద రెండు జాకీలు, వాటి అడుగున రెండంగుళాల మందం పలక. బరువు అందుకునేంత బిగిస్తే చాలు. వంగిన దూలాన్ని తిన్నగా చేద్దామని పైకెత్తితే పైన మిద్దె పగులుతుంది. చెడింది కోసేసి, అదే జాతి ఎండిన పాత కర్రతో ఏటవాలు అతుకు వెయ్యాలి. అతుకు పొడవు దూలం లోతుకి మూడింతలకి తగ్గకూడదు. ఎనిమిది అంగుళాల దూలమైతే రెండడుగులు. రెండు పక్కలా ఇనుప పట్టీలు, 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు. పట్టీ మందం, మీద మిద్దె ఉంటే బోల్టుల సంఖ్య ఇంజనీరు చేత లెక్క కట్టించండి. ఓకు పనివాళ్ళు బోల్టు లేకుండా చెక్క మేకుతో ఎలా బిగించేవారంటే, లోపలికి దూరే నాలుకలోని కన్నాన్ని కొద్దిగా పక్కకి తొలిచేవారు. మేకు దిగుతుంటే అతుకు దానంతట అదే దగ్గరికి లాక్కుంటుంది. మన పాత వడ్రంగులకి ఈ విద్య కొత్తది కాదు, ఇప్పుడు అడిగేవారే లేరు.

కొస కూర్చునే గూట్లో అడుగున రాతి పలక వేసి, పక్కలా వెనకా బొటనవేలు దూరేంత సందు వదలండి. ఆ సందు సిమెంటుతో పూడిస్తే పదేళ్ళలో మళ్ళీ మాకు ఉత్తరం రాస్తారు. చెదకి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు రెండు మూడు చేతులు పట్టించండి. కాలిన ఇంజనాయిలు పూయడం మన దగ్గర అలవాటు. పైన నల్లగా ఉంటుంది, లోపలికి దిగదు, నిప్పంటుకుంటే ఆపలేరు.

సోంపేట నుంచి: తిత్లీ తుపానుకి మా పెంకులు సగం లేచిపోయాయి. రేకులే నయమా?

జవాబు: 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపానులో రేకులూ లేచాయి. పెంకు లేచిపోతే పెంకు పోతుంది, రేకు లేస్తే వాసాలనీ లాక్కుపోతుంది.

గాలి మొదట పట్టేది చూరుని, అంచుల్ని, కొప్పుని. చూరు నుంచి రెండు వరుసలు, పక్క అంచులు ప్రతి పెంకూ కట్టాలి, మిగతా చోట్ల ఒకటి విడిచి ఒకటి. బెంగుళూరు పెంకు అడుగున తీగ దూర్చే కన్నం ఉంటుంది. సముద్రానికి దగ్గరైతే రాగి తీగ వాడండి, జింకు తీగ ఉప్పుగాలికి తొందరగా తినేస్తుంది. కొప్పు పెంకులు సున్నంలో కూర్చోబెట్టాలి. నూరు చదరపు అడుగులకి 140 పెంకులు పడతాయి, పగుళ్ళకి పది అదనం. రీపర్ల (పెంకులు ఆనే అడ్డకర్రల) ఎడం పుస్తకం చూసి పెట్టకండి, కొన్న పెంకుని నాలుగు చోట్ల ఆనించి కొలవండి. అన్నిటికంటే ముఖ్యం, వసారా వాసాలు ఇంటి వాసాలకి కొనసాగింపుగా ఉండకూడదు. వసారా కిందకి దూరిన గాలి దాన్ని లేపుతుంది. విడిగా ఉంటే వసారాతో పోతుంది.

వేల్స్‌లో పలకరాతి కప్పు. పెద్ద పలకలు చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఓకు చీలలతో తగిలించి, లోపలి నుంచి సందుల్లో సున్నం మెత్తేవారు. కొలతల వారీగా కోసే కాలం వచ్చాక సైజులకి ప్రభు కుటుంబాల ఆడవాళ్ళ హోదాలు పెట్టారు. 24 అంగుళాలకి 12 అయితే డచెస్, 20కి 10 కౌంటెస్, 16కి 8 లేడీ. పెంకు బేరంలో మనకి ఇంత మర్యాద ఎప్పుడూ లేదు.

శ్రీకాకుళం నుంచి: నడవలో పాత సున్నపు గచ్చు ఉంది. దాని మీద విట్రిఫైడ్ టైల్స్ వేయొచ్చా?

జవాబు: వద్దు. నేల తడి ఆవిరయ్యే దారి మూసుకుపోతే అది గోడల్లోకి ఎక్కుతుంది, పైన బొబ్బిలి వారికి రాసిందే మీకూ రాయాల్సొస్తుంది. పగుళ్ళని సున్నం, ఇటుక పొడి ముద్దతో నింపి, నున్నటి గులకరాయితో రుద్దించి, వారం తడిగా ఉంచండి. రంగు కొద్దిగా తేడాగా కనిపిస్తుంది.